బూరుగుగొంది పిలుపుడప్పు

రండమ్మా, రండి నాయనా. హారతి అయింది, ప్రసాదం అందరికీ అందింది. ఆ గోడవార కూర్చున్నవాళ్ళు కూడా కాస్త ఇలా ముందుకు జరగండి. ఈ కథ గుండె చిక్కబట్టుకుని వినాల్సిన కథ. ఒకరి పక్కన ఒకరు ఉంటేనే వినగలం.

తూర్పు కనుమల కింద ఒక పట్నంలో వైకుంఠరావు అనే ఆయన ఉండేవాడు. తన ఇంటి పద్ధతి తప్ప లోకంలో మరో పద్ధతి పద్ధతే కాదని ఆయన గట్టి నమ్మకం.

చెడ్డవాడు కాదు సుమండీ. పొద్దున్నే స్నానం చేసి, నుదుట నామం దిద్దుకుని, స్వామికి దీపం పెట్టందే కాఫీ చుక్క గొంతు దిగనిచ్చేవాడు కాదు. తొమ్మిదేళ్ళ కూతురు వకుళ అంటే ఆయనకు ప్రాణం. బతుకుతెరువుకు ఒక వ్యాను ఉండేది. పట్నం జనాన్ని అందులో ఎక్కించుకుని, కొండలూ జలపాతాలూ చూపించి తీసుకొచ్చేవాడు. కొండ మీది మనుషుల మాట వస్తే మాత్రం, "పాపం, వాళ్ళకేం తెలుసండీ" అనేవాడు. ఆ 'పాపం'లో జాలి తక్కువ, చులకన ఎక్కువ.

ఒక ఆశ్వయుజ మాసంలో ఆయన కొత్త చోటు వెతుక్కుంటూ బూరుగుగొంది అనే పల్లెకు వెళ్ళాడు. రోడ్డు ఆగిపోయిన చోట వ్యాను ఆపి, గంటసేపు కాలిబాటన ఎక్కాలి. మొత్తం ముప్పై గడపలు. మన వీధుల్లా వరసగా ఉండవు. ఈ వాలున నాలుగు, ఆ వాలున ఆరు, గెడ్డ అవతల మరో ఇరవై. గెడ్డ అంటే కొండవాగు. పంట చేతికొచ్చే రోజుల్లో ఆ ఇళ్ళలోనూ ఎవరూ ఉండరు. అందరూ పొలాల్లో మంచెల మీదే కాపురం. అప్పుడు వాలు వాలంతా వలిసె చేలు పూసి పసుపు ఆరబోసినట్టు ఉంది.

పల్లెకు నడుమ ఒక పెద్ద బల్లపరుపు బండ. దాని మీద నాలుగు గుంజల పాక. పాకలో ఒక డప్పు వేలాడుతోంది. దాని కింద ఒక మొద్దు, మంట లేకుండా నిప్పు రాజుకుంటూ ఉంది. పక్కనే ఒక ముసలాయన మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. ఆయన పేరు గాసన్న. ఆ డప్పుకు కాపలా ఆయనే.

"ఏం తాతా, ఈ వేళప్పుడు ఎవరికోసం ఈ నిప్పు?" అని అడిగాడు వైకుంఠరావు.

"డప్పు కోసం బాబూ. మంచుకి తోలు మెత్తబడిపోద్ది. మెత్తబడితే పలకదు. ఎప్పుడు పలకాలో తెలీదు కదా, అందుకని ఎప్పుడూ ఎచ్చగా ఉంచాలి."

గాసన్న లేచి డప్పుకు దణ్ణం పెట్టుకుని, తోలు మీద అరచెయ్యి ఆనించి చూసి, మళ్ళీ కూర్చున్నాడు.

వైకుంఠరావు నవ్వాడు. "తోలుముక్కకి దణ్ణమా తాతా?"

"మీ గుడి గంట కంచే కదా బాబూ," అన్నాడు గాసన్న. ఆయన కూడా నవ్వాడు. "కంచు ఊరికే ఉంటే కంచే. పిలిస్తే గంట. ఇదీ అంతే. ఇది పిలుపుడప్పు. మూడు దెబ్బలు, ఒక ఆపు. మూడు దెబ్బలు, ఒక ఆపు. అది ఇన్నారంటే..."

ఆయన మాట పూర్తి కాలేదు. కింది దారిలోంచి ఒక మనిషి వగర్చుకుంటూ వచ్చి, జీలుగుచెట్టు మీంచి ఒకాయన పడిపోయాడని చెప్పాడు. గాసన్న కర్ర అందుకున్నాడు. మూడు దెబ్బలు, ఒక ఆపు. మూడు దెబ్బలు, ఒక ఆపు.

అప్పుడు చూశాడమ్మా వైకుంఠరావు. మూడు వాలుల మీంచి మనుషులు దిగుతున్నారు. వలిసె పూలు చీల్చుకుంటూ ఆడవాళ్ళు, మగవాళ్ళు, ముసలివాళ్ళు. కొడవలితో ఉన్నవాడు కొడవలితోనే. చేతికి అంటిన అన్నం కడుక్కోకుండానే వచ్చింది ఒకామె. అడ్డతీగ నారతో పేనిన తాళ్ళు మెడలో వేసుకుని నలుగురు కుర్రాళ్ళు. ఆ పిలుపు వింటే కంచం ముందు నుంచైనా లేచి రావాలి, ఏమైందని దారిలో ఆగి అడక్కూడదు, బండ దగ్గరికి చేరాకే అడగాలి. అది ఆ ఊరి నియమం. పావుగంటలో ముప్పై గడపలూ బండ చుట్టూ ఉన్నాయి. కర్రకు దుప్పటి కట్టి డోలీ చేశారు. పడినవాణ్ణి అందులో వేసుకుని, వంతులవారీగా మోస్తూ కొండ దిగిపోయారు.

వైకుంఠరావు ఆ పడినవాడి వైపు చూడనే లేదు. ఫోన్ ఎత్తి, పసుపు పూలలోంచి పరుగెత్తి వస్తున్న మనుషుల్ని వీడియో తీశాడు. "ఆహా, చీమలదండు దిగినట్టు ఎంత ముచ్చటగా ఉంది," అనుకున్నాడు. ఎందుకు పరుగెత్తారో కళ్ళముందే జరిగింది. చూశాడు, కానీ చూడలేదు. మనకూ అలా అవుతూ ఉంటుంది నాయనా.

మర్నాడే ఆయన ఊరి పెద్ద లింగన్న దగ్గరికి వెళ్ళాడు.

"పెద్దాయనా, ఈ డప్పు దృశ్యం చూడ్డానికి బళ్ళకి బళ్ళు జనం వస్తారు. జనం వస్తే పైవాళ్ళ చూపు పడుతుంది. రోడ్డు వస్తుంది. రోడ్డు వస్తే మీకింక డోలీ మోత ఉండదు."

లింగన్న కొండ దిగే దారి వైపు చూశాడు. పోయిన వానాకాలంలో ఆయన కోడలు నిండు నెలలతో డోలీలోనే, సగం దారిలో, కన్ను మూసింది.

"డప్పుని ఆటకి కొట్టరు బాబూ," అన్నాడు.

"ఆట ఏముంది? నాలుగు దెబ్బలు. మీరు ఎలాగూ పరుగెత్తుతారు, వాళ్ళు చూస్తారు. డప్పుకేం అరుగుతుందా?"

గాసన్న ఒప్పుకోలేదు. "డప్పు అరగదు అన్నా. చెవులు అరుగుతాయి."

కానీ లింగన్న కళ్ళముందు రోడ్డు ఉంది. ఆ రోడ్డు మీద బతికి ఉన్న కోడలు ఉంది. "ఒక్క ఏడాది చూద్దాం గాసన్నా," అన్నాడు. ఊరిపెద్ద మాట కాదనలేక గాసన్న తల వంచుకున్నాడు.

మొదటిసారి డప్పు అబద్ధం ఆడిన రోజు చెప్తాను వినండి. పన్నెండు మంది యాత్రికులు బండ పక్కన కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. గాసన్న కర్ర తీశాడు. మూడు దెబ్బలు, ఒక ఆపు. వాలులన్నీ కదిలాయి. గాసన్న కోడలు చిలకమ్మ పొయ్యి మీద అంబలి వదిలేసి పరుగెత్తింది. ఒక ముసలామె రాళ్ళ మీద పడి మోకాలు చీరుకుంది. మంచె మీంచి ఒకాయన మెట్లు దిగే తీరికలేక దూకేశాడు. రొప్పుతూ, వణుకుతూ, అందరూ బండ దగ్గరికి వచ్చారు.

"ఎవరికేటైంది?" అని అడిగింది చిలకమ్మ. ఆమెకు పదేళ్ళ కూతురు ఉంది, పేరు సుక్కి. ఆ పిల్ల ఎక్కడుందోనని ఆమె కళ్ళు గుంపంతా వెతుకుతున్నాయి.

యాత్రికులు చప్పట్లు కొట్టారు. వైకుంఠరావు చిరునవ్వుతో ముందుకొచ్చి, "ఎవరికీ ఏమీ కాలేదమ్మా. మీరు చాలా బాగా పరుగెత్తారు," అన్నాడు.

చిలకమ్మ ఆయన్ని ఒకసారి చూసి వెనక్కి తిరిగింది. ఇంటికి వెళ్ళేసరికి అంబలి మాడిపోయి, కుండ పగిలి ఉంది.

ఆ పూట గాసన్న అన్నం తినలేదు. ఆ తరవాత కూడా, అబద్ధపు దెబ్బ కొట్టిన ప్రతి పూటా ఆయన పస్తున్నాడు. ఎవరూ విధించలేదమ్మా ఆ ఉపవాసం. మనం ఏకాదశికి ఉంటాం, ఆయన అబద్ధానికి ఉన్నాడు.

వారానికి రెండుసార్లు, మూడుసార్లు వ్యాను వచ్చేది. యాత్రికులు ఫోటోల కోసం వలిసె చేలోకి దిగి తొక్కేవాళ్ళు. "వీళ్ళు అన్నం తినేది ఆకుల్లోనేనా" అని ఒకరు, "ఈ ఇళ్ళలో ఎలా బతుకుతారో" అని ఒకరు, ఇంటి గుమ్మంలోకే తల దూర్చి అడిగేవాళ్ళు. ఐదోసారికి పరుగెత్తేవాళ్ళు నడవడం మొదలుపెట్టారు. పదోసారికి సగం మందే వచ్చారు. వానలు వచ్చేసరికి బండకు దగ్గరగా ఉన్న పదిమందే వచ్చేవాళ్ళు. వాళ్ళు కూడా డప్పు మోగాక తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, అప్పుడు పరుగెత్తేవాళ్ళు. గెడ్డ అవతల మంచెల మీద ఎవరైనా డప్పు వింటే, "బాబు బండి వచ్చినట్టుంది" అని నవ్వుకుని మళ్ళీ కొడవలి పట్టేవాళ్ళు.

ఏడాది గడిచింది. రోడ్డు రాలేదు.

మళ్ళీ ఆశ్వయుజం వచ్చింది. దసరా సెలవులు. వైకుంఠరావు యాత్రికులతో పాటు ఈసారి వకుళను కూడా తీసుకొచ్చాడు. వకుళకూ సుక్కికీ క్షణాల్లో స్నేహం కుదిరింది.

"మీ ఊళ్ళో సీతాఫలాలు ఎక్కడ కాస్తాయి?" అని అడిగింది సుక్కి.

"బండి మీద," అంది వకుళ.

సుక్కి కడుపుబ్బ నవ్వింది. "రా, చెట్టు మీద చూపిస్తాను."

ఇద్దరూ బుట్ట పట్టుకుని గెడ్డ వైపు వెళ్ళారు. ఎవరికీ చెప్పలేదు. గెడ్డలో నీళ్ళు మోకాలి కిందే. దాటి అవతలకి వెళ్ళారు.

మధ్యాహ్నం అయ్యాక మంచు దిగింది. కొండమంచు ఎలా ఉంటుందంటే, చెయ్యి చాపితే మన వేళ్ళు మనకు కనబడవు. పైన కొండల్లో ఎక్కడో వాన కూడా పడినట్టుంది. గెడ్డ హోరు మారింది. ఆ హోరు వినే చిలకమ్మ ఇంట్లోంచి బయటికొచ్చింది. గోడకు వేలాడే బుట్ట లేదు. సుక్కి లేదు.

ఆమె బండ దగ్గరికి పరుగెత్తింది. "మావా, సుక్కి గెడ్డకెళ్ళింది. ఆ పట్నం పిల్ల కూడా దానితోనే ఉంది."

వైకుంఠరావు టీ గ్లాసు పక్కన పడేసి లేచాడు.

గాసన్న కర్ర అందుకున్నాడు. డప్పు తీసి నిప్పు మీద కాచాడు. దణ్ణం పెట్టాడు. మూడు దెబ్బలు, ఒక ఆపు. మూడు దెబ్బలు, ఒక ఆపు.

ఎవరూ రాలేదు.

కాసేపటికి దగ్గరి ఇళ్ళలోంచి నలుగురు ఆడవాళ్ళు వచ్చారు, తలలు దువ్వుకుని. సంగతి తెలిసి వాళ్ళ మొహాలు పాలిపోయాయి. కానీ నలుగురు చాలరు. గెడ్డకు మూడు పాయలు, ఐదు రేవులు. మంచులో వెతకాలంటే ఇరవై మంది తాడు పట్టుకుని వరసగా దిగాలి. మగవాళ్ళంతా గెడ్డ అవతల, పై పొలాల్లో ఉన్నారు. సుక్కి తండ్రి, గాసన్న కొడుకు సోంబన్న కూడా అక్కడే ఉన్నాడు.

"ఎందుకు రావడం లేదు?" అన్నాడు వైకుంఠరావు. "డప్పు వినబడటం లేదా వాళ్ళకి?"

"వినబడుతుంది బాబూ," అంది చిలకమ్మ. "నువ్వు చప్పట్లు కొట్టించే ఆట అనుకుంటున్నారు, అంతే."

యాత్రికులు పదకొండు మంది కుర్చీల్లోంచి లేచి దగ్గరికి వచ్చారు. అందులో ఒకాయన ఫోన్ ఎత్తి, పక్కనున్న భార్యతో, "ఈసారి చాలా సహజంగా చేస్తున్నారు చూడు, ఆ ముసలాయన కళ్ళలో నీళ్ళు కూడా వస్తున్నాయి," అన్నాడు. ఆ మాట వైకుంఠరావు చెవిన పడింది. ఏడాదిగా ఆయన నోటి నుంచి వచ్చిన మాటలే అవి. ఇప్పుడు ఆయన ఒంట్లోకి ముల్లులా దిగాయి.

"వకుళా" అని అరుస్తూ ఆయన మంచులోకి పరుగెత్తాడు. "ఆగు బాబూ, నువ్వు తప్పిపోతే నిన్ను కూడా ఎతకాలి" అని గాసన్న వెనక నుంచి చెబుతూనే ఉన్నాడు. ఆయన వినలేదు. ముళ్ళు గీరుకున్నాయి, కాలు జారింది. గెడ్డ హోరు ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు వినిపించింది. స్వామి పేరు, కూతురి పేరు కలిపి అరుస్తూ నడిచాడు, నడిచాడు. చివరికి మంచు కాస్త పలచబడితే ముందు ఒక పాక కనిపించింది. అదే బండ. అదే డప్పు. చుట్టూ తిరిగి అక్కడికే వచ్చాడు.

గాసన్న ఇంకా కొడుతూనే ఉన్నాడు. మంచుకు తోలు మెత్తబడితే నిప్పు మీద కాచడం, మళ్ళీ కొట్టడం. కర్ర పట్టిన చెయ్యి చిట్లింది. ఒకామె అందుకోబోతే ఇవ్వలేదు.

వైకుంఠరావు ఆ ముసలాయన కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "తాతా, ఆపకు," అన్నాడు.

"ఎలా ఆపుతాను బాబూ," అన్నాడు గాసన్న. "ఆపితే ఆట అయిపోయిందనుకుంటారు."

ఇప్పుడు గెడ్డ అవతలకి వెళ్దాం, నాతో రండి. అక్కడ సోంబన్న చోడి వెన్నులు, అంటే రాగి కంకులు, కోస్తున్నాడు. డప్పు వినబడుతూనే ఉంది.

"బాబు బండి," అన్నాడు పక్క చేలో ఉన్నాయన.

"మంచులో కూడా వస్తారేటి చూడ్డానికి?" అన్నాడు సోంబన్న.

"మంచు కూడా చూడ్డానికే వస్తారు."

ఇద్దరూ నవ్వారు. కొడవళ్ళు ఆడుతున్నాయి. డప్పు మోగుతోంది. కొంతసేపయ్యాక సోంబన్న నడుం ఎత్తాడు.

"ఇంకా ఆపలేదేటి?"

"ఎక్కువమంది వచ్చుంటారులే."

మరో మడి కోశారు. మూడు దెబ్బలు, ఒక ఆపు. ఆటడప్పు ఎప్పుడూ పావుగంట దాటదు. ఫోటోలు అయిపోగానే ఆగిపోతుంది. ఇది ఆగడం లేదు. సోంబన్న మళ్ళీ విన్నాడు. మధ్యలో ఒక్కోసారి చిన్న విరామం. అప్పుడు నాన్న తోలు కాచుకుంటున్నాడు. ఆట కోసం అయితే రెండోసారి ఎవరు కాచుకుంటారు?

సోంబన్న కొడవలి కింద పడేశాడు.

"అన్నా, ఇది ఆట కాదు," అన్నాడు. అంతే, పరుగందుకున్నాడు. మంచె మంచె దగ్గరా నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "అసలు డప్పు, అసలు డప్పు" అని కేక వేసుకుంటూ దిగాడు. ఆ కేక ఒక వాలు నుంచి ఇంకో వాలుకు పాకింది. తన బిడ్డ కోసమే పరుగెత్తుతున్నానని ఆ తండ్రికి అప్పటికి తెలియదమ్మా. ఎవరి బిడ్డ అయినా అంతే పరుగెత్తేవాడు.

గెడ్డ ఒడ్డున కింది రేవు దగ్గర అతనికి సన్నగా పాట వినిపించింది. ఏడుపు కాదు, పాట. సుక్కి పాడుతోంది.

ఇరవై మంది అడ్డనార తాళ్ళు నడుములకు కట్టుకుని, చెయ్యీ చెయ్యీ పట్టుకుని నీళ్ళలోకి దిగారు. గెడ్డ నడుమ రెండు రాళ్ళ మధ్య సుక్కి నిలబడి ఉంది. నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. తిరిగి దాటుతుంటే ఒక రాయి దొర్లి కాలు ఇరుక్కుపోయింది. వకుళను భుజాల మీదికి ఎక్కించుకుంది. పట్నం పిల్ల భయపడి జారిపోకుండా ఉండాలని, తనకు వచ్చిన పాటలన్నీ పాడుతోంది. అన్నీ అయిపోయి మొదటి పాట మళ్ళీ మొదలుపెట్టిందట.

వకుళ ఒంటి మీద గీత కూడా పడలేదు. సుక్కి కాలు మాత్రం నలిగిపోయింది. రోడ్డు లేదు కదా, డోలీ కట్టారు. ఆ డోలీ ముందు కర్ర కింద భుజం పెట్టినవాడు వైకుంఠరావు. వంతు మార్చుకోమంటే మారలేదు. ఆస్పత్రిలో డాక్టరు చూసి, "ప్రాణానికి భయం లేదు. ఒక గంట ముందు రాయి తీసి ఉంటే కాలు మామూలుగా ఉండేది," అన్నాడు.

ఆ గంట ఎక్కడ పోయిందో వైకుంఠరావుకు తెలుసు. చప్పట్లలో పోయింది.

పది రోజుల తరవాత ఆయన బూరుగుగొందికి వచ్చి, బండ దగ్గర అందరి ముందూ చెప్పులు విడిచి నిలబడ్డాడు. "మీ డప్పు చేత నేను అబద్ధం ఆడించాను," అన్నాడు. "దానికి పాలరాతి మండపం కట్టిస్తాను."

లింగన్న తల అడ్డంగా ఊపాడు. "తప్పు నీ ఒక్కడిదే కాదు బాబూ, రోడ్డు ఆశపడి నేనూ తలూపాను. మండపం ఎందుకు? ఆ రోజు తోలు చీలిపోయింది, కొత్తది వేసుకుంటాం. గాయం మానాల్సింది మా చెవులకి. మళ్ళీ కొత్తల పండగ దాకా డప్పు మోగదు. అందాకా ఆపదొస్తే ఎవరో ఒకరు గడపగడపకీ పరుగెత్తి చెప్పాలి."

"నేను పరుగెత్తుతాను," అన్నాడు వైకుంఠరావు.

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాలికి కట్టుతో నులకమంచం మీద కూర్చున్న సుక్కి కిసుక్కున నవ్వింది. "బాబూ, నువ్వు పరుగెత్తితే మళ్ళీ డప్పు కాడికే వస్తావు. నీకు దారులు తెలీవు."

"నువ్వు నేర్పు తల్లీ," అన్నాడు ఆయన.

ఆ పిల్ల బొగ్గుముక్కతో బండ మీద దారులు గీసింది. ఇది పనసచెట్టు మలుపు, ఇది ఎలుగు గుహ, ఇక్కడ రాయి కదులుద్ది జాగ్రత్త. కొండవాళ్ళకు ఏం తెలుసు అన్న మనిషి, పదకొండేళ్ళ కొండపిల్ల ముందు పలక పట్టిన పిల్లాడిలా కూర్చున్నాడు.

వ్యాను పట్నంలో ఆగిపోయింది. ఆయన బండ మీది పాకలోనే ఉండిపోయాడు. గాసన్న ఆయన నిద్రకు ఒక చాప, చలికి ఆ నిప్పు ఇచ్చాడు. నెలకొకసారి ఇంటికి వెళ్ళి వకుళను చూసి వచ్చేవాడు. ఆ పది నెలల్లో మూడు ఆపదలు వచ్చాయి. మొదటిసారి పాము కాటని పరుగెత్తి చెబితే, ఒక ఇంటాయన గుమ్మంలోంచి, "ఇవాళ ఎంతమంది చూడ్డానికి వచ్చారు బాబూ?" అని అడిగి తలుపు వేసేశాడు. వైకుంఠరావు నొచ్చుకోలేదు. తలుపు దగ్గరే నిలబడి చేతులు జోడించి మళ్ళీ చెప్పాడు. రెండోసారి ఆ తలుపు సగం తెరుచుకుంది. మూడోసారి ఆ ఇంటాయనే ఆయన కంటే ముందు పరుగెత్తాడు.

కొత్తల పండగ వచ్చింది. కొత్త సామలు వండి, ముందు దేవతకు పెట్టి, తరవాత అందరూ తినే పండగ. గాసన్న కొత్త తోలు బిగించిన డప్పు మళ్ళీ పాకలో వేలాడింది. చిలకమ్మ వైకుంఠరావును తన గుమ్మంలో కూర్చోబెట్టి, విస్తరాకులో సామన్నం, గుమ్మడికాయ కూర వడ్డించింది. ఆనాడు మాడిన అంబలి ఆమె మరిచిపోలేదు. అయినా వడ్డించింది.

ఆయన స్వామిని తలుచుకుని మొదటి ముద్ద కలిపి నోటి దాకా తెచ్చాడు.

మూడు దెబ్బలు, ఒక ఆపు.

అందరి చేతులూ ఆగాయి. చెవులు మానాయో లేదో తేలే క్షణం అది.

వైకుంఠరావు ముద్ద ఆకులో వదిలేసి లేచాడు. ఏమైందని అడగలేదు. ఎంగిలి చెయ్యి కడుక్కోలేదు. గుమ్మం దాటేసరికి దారిలో సుక్కి కుంటుకుంటూ పోతోంది. ఆయన ఆగి, వంగి, ఆ పిల్లను భుజాల మీదికి ఎత్తుకున్నాడు; తన బిడ్డను ఆ పిల్ల ఎత్తుకున్నట్టే. ఎత్తుకుని పరుగెత్తాడు.

"బాబూ, ఇటు కాదు," అంది సుక్కి ఆయన జుట్టు పట్టుకుని. "పనసచెట్టు కాడ ఎడమకి."

బండ దగ్గరికి వచ్చేసరికి మూడు వాలుల నుంచీ ముప్పై గడపలూ దిగి వస్తున్నాయి. ఒక్క గడప తక్కువ లేదు. కింద కుప్పనూర్చే కళ్ళంలో నిప్పు రవ్వ పడి గడ్డి అంటుకుంది. అంతమంది చేతులు పడేసరికి పంట దక్కింది. గాసన్న కర్ర పక్కన పెట్టి, ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాడు.

తరవాత వైకుంఠరావు మళ్ళీ వ్యాను నడిపాడు. కానీ బూరుగుగొంది వాళ్ళు రమ్మన్న రోజునే, రమ్మన్నంతమందినే తీసుకెళ్ళేవాడు. కాలిబాట మొదట్లోనే అందరినీ ఆపి చెప్పేవాడు: "పైన ఒక డప్పు ఉంది. అది చూడ్డానికి కాదు. మీరుండగా అది మోగితే ఫోన్ తియ్యకండి. నా వెనక పరుగెత్తుకు రండి."

పిలిస్తే పలికేవాణ్ణి మనం దేవుడంటాం కదమ్మా. పిలిస్తే పరుగెత్తి వచ్చే ముప్పై గడపలు ఉన్న ఊరు గుడి కాకపోతే మరేమిటి? ఇంటికి వెళ్ళాక ఈ కథలో మిగతాదంతా మరిచిపోయినా ఫరవాలేదు. నోటి దాకా వచ్చిన ముద్ద వదిలేసి, ఏమిటని అడక్కుండా, కుంటిపిల్లను భుజాన వేసుకుని ఆయన పరుగెత్తాడే, ఆ ఒక్క పని గుర్తుంచుకోండి, మీకు పిలుపు వచ్చిననాడు మీరూ అదే చెయ్యండి. ఎందుకంటే నాయనా, ఒకరి ప్రాణాన్ని కాచే ఆచారం ఇంకొకరికి వేడుక కాకూడదు; మనకు తెలియని పద్ధతిని చూసి నవ్వేవాడు చివరికి తన బిడ్డకే కీడు తెచ్చుకుంటాడు.